ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ఒక పాత ఆటల శ్రేణి పునరుద్ధరణలు

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనేది అమెరికన్ గేమ్ రూపకర్త జోర్డన్ మెక్‌నర్ 1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేసిన యాక్షన్ అడ్వెంచర్ వీడియో గేమ్. అదే పేరుతో తరువాత వచ్చిన ఆటల శ్రేణిని కూడా ఇలాగే పిలుస్తారు. మొదటి ఆటను బ్రోడర్‌బండ్ సంస్థ ప్రచురించింది. ఫ్రాన్స్ ప్రధాన కేంద్రంగా ఉన్న యూబీసాఫ్ట్ 2003 నుంచి ఈ శ్రేణిని నడుపుతోంది. పాత శ్రేణిని కొత్త శైలిలో బతికించే ప్రయత్నాలను పరిశీలించడానికి ఇంత అనువైన ఉదాహరణలు తక్కువ. ఈ ఒక్క పేరు మీద 1999, 2003, 2008, 2024లలో నాలుగు వేర్వేరు పునరుద్ధరణలు జరిగాయి. ఒకటి పూర్తిగా విఫలమైంది, ఒకటి పరిశ్రమకే నమూనాగా నిలిచింది, ఒకటి వివాదంలో చిక్కుకుంది, ఇంకొకటి మెప్పు పొందినా అమ్మకాల్లో వెనకబడింది. పేరూ పేరుకున్న పరపతీ మారనప్పుడు, ఫలితాల్లో తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం సులువవుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదించే సమాధానం ఇది: ఈ శ్రేణి గుర్తింపు రాకుమారుడి పాత్రలోనో, పర్షియన్ కోట బొమ్మలోనో లేదు. ఆటగాడు చేసిన తప్పుకు కాలాన్ని మూల్యంగా చెల్లించే నియమంలో ఉంది. ఆ నియమాన్ని కొత్తగా ఊహించిన పునరుద్ధరణలు నిలిచాయి, వదిలేసినవి తడబడ్డాయి.

నిర్వచనం, సంబంధిత పదాలు

పాత ఆటను తిరిగి తెచ్చే పద్ధతులకు పరిశ్రమలో కొన్ని పేర్లు స్థిరపడ్డాయి. పాత ప్రోగ్రామును అలాగే ఉంచి బొమ్మల స్పష్టత, ధ్వని మెరుగుపరిస్తే అది రీమాస్టర్. అదే కథను, అదే దశలను కొత్త ఇంజిన్‌లో మొదటి నుంచి కట్టితే రీమేక్. కథను, పాత్ర చరిత్రను చెరిపి కొత్తగా మొదలుపెడితే రీబూట్. నాలుగోదానికి ఇంకా ఖాయమైన పేరు లేదు: శ్రేణి పేరు ఉంచి, ఆడే తీరునే మరో జాతిలోకి మార్చడం. పక్క నుంచి చూసే ఆటను మూడు పరిమాణాల్లోకి, స్థిర కెమెరా ఆటను భుజం వెనక కెమెరాలోకి, వరుస దశల ఆటను విశాల ప్రపంచంలోకి తీసుకెళ్లడం ఈ కోవలోకి వస్తుంది. ఇక్కడ దాన్ని శైలి మార్పు అంటున్నాం. ఆచరణలో ఈ గీతలు చెరిగిపోతుంటాయి. 2013 నాటి టూంబ్ రైడర్ ఒకేసారి రీబూట్, శైలి మార్పు. ప్రకటనల్లో మాత్రం అన్నింటికీ అమ్మకానికి వీలైన పదమే వాడతారు కాబట్టి పెట్టె మీది మాటను బట్టి వర్గీకరించడం కుదరదు.

మూలరూపం (1985–1993)

మెక్‌నర్ 1984లో కరాటేకా అనే ఆటతో పేరు తెచ్చుకున్నాడు. తరువాతి ఆటకు నాలుగేళ్లు పట్టింది. మనిషి కదలికను కంప్యూటర్ తెర మీద నిజంగా అనిపించేలా చూపాలన్నది అతని లక్ష్యం. 1985లో తన తమ్ముడు డేవిడ్ చేత తెల్లని దుస్తులు వేయించి, ఒక పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, దూకించి, గోడ పట్టుకుని ఎక్కించి వీడియో తీశాడు. ఆ టేపును టీవీలో ఆడిస్తూ ఒక్కో ఫ్రేమును ఫొటో తీసి, ప్రింట్ల మీద నల్ల మార్కరుతో, తెల్ల దిద్దుబాటు ద్రవంతో ఆకృతిని తేల్చి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. రోటోస్కోపింగ్ అనే ఈ పద్ధతి సినిమా యానిమేషన్‌లో పాతదే. కత్తి యుద్ధం కదలికలకు 1938 నాటి హాలీవుడ్ చిత్రం ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్ పతాక ఘట్టంలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ సరిగ్గా పక్క నుంచి కనిపించే కొద్ది సెకన్ల దృశ్యం ఆధారమైంది.

ఈ శ్రమ ఆట స్వభావాన్నే నిర్ణయించింది. అప్పటి సాధారణ ప్లాట్‌ఫామ్ ఆటల్లో బొత్తం నొక్కిన క్షణంలోనే బొమ్మ గాల్లోకి లేచేది, గాల్లోనే దిశ మార్చుకునేది. రాకుమారుడు అలా కాదు. పరుగందుకోవడానికి అడుగులు కావాలి, ఆగడానికి జారాలి, ఒకసారి దూకితే వెనక్కు తిరగడం ఉండదు. ఆటగాడు నిర్ణయాన్ని ముందే తీసుకోవాలి. దీనికి తోడు ఆట మొత్తానికి 60 నిమిషాల గడువు. వజీరు జాఫర్ చెరలో ఉన్న రాకుమారిని ఆలోగా చేరుకోవాలి. చనిపోతే దశ మళ్లీ మొదలవుతుంది కానీ గడియారం వెనక్కు పోదు. అంటే ప్రాణాలకు లెక్క లేదు, నిమిషాలకు ఉంది. తప్పు చేయవచ్చు, ఎన్నిసార్లయినా చేయవచ్చు, దాని ధర కాలంలో కట్టాలి. శ్రేణి మొత్తానికి బీజం ఈ నియమమే.

యాపిల్ 2 మెమరీ కొరత మరో ఆలోచనకు దారితీసింది. కొత్త శత్రువు బొమ్మలకు చోటు మిగలలేదు. దాంతో రాకుమారుడి బొమ్మలనే ఒక చిన్న గణిత ప్రక్రియతో కాస్త జరిపి, మెరిసే నీడలాంటి ఆకారం పుట్టించారు. ఆటలో ఒక మాయా దర్పణం గుండా దూకినప్పుడు ఆ నీడమనిషి బయటికి వస్తాడు, తరువాత దారిలో అడ్డుపడతాడు. చివర అతనితో కత్తి దూస్తే తగిలిన ప్రతి దెబ్బా రాకుమారుడికే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి అతనిలోకి నడిస్తేనే దారి తెరుచుకుంటుంది. యంత్రం పరిమితి కథా సన్నివేశంగా మారిన ఘట్టాల్లో దీన్ని తరచూ ఉదాహరిస్తారు.

యాపిల్ 2 కాలం అప్పటికే ముగుస్తుండటంతో మొదట అమ్మకాలు మందంగా సాగాయి. ఇతర కంప్యూటర్లకు, గేమ్ యంత్రాలకు మార్చిన తరువాతే ఆటకు ప్రపంచవ్యాప్త పేరు వచ్చింది. 1993లో వచ్చిన ది షాడో అండ్ ది ఫ్లేమ్ అదే పక్క చూపునూ అదే గడియారపు ఒత్తిడినీ కొనసాగించింది. దాన్ని పునరుద్ధరణ అనడం కంటే కొనసాగింపు అనడమే సరి.

మొదటి శైలి మార్పు: 1999

1996లో టూంబ్ రైడర్ విజయం తరువాత పాత ప్లాట్‌ఫామ్ ఆటలన్నీ మూడు పరిమాణాల్లోకి మారే ఒత్తిడి పెరిగింది. బ్రోడర్‌బండ్ అనుబంధ విభాగం రెడ్ ఆర్బ్ 1999లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డి తెచ్చింది. ఇంతలో మాతృసంస్థ చేతులు మారింది. ఆట లోపాలతోనే విడుదలైంది. కెమెరా సరైన చోట నిలవదన్నది, కంట్రోల్స్ మొద్దుగా ఉన్నాయన్నది ప్రధాన విమర్శలు.

ఈ వైఫల్యాన్ని తొందరపాటు విడుదలకే ఆపాదించడం మామూలు. అది నిజమే అయినా చాలదు. పక్క చూపులో ఆటగాడు గుంత వెడల్పును కంటితో కొలవగలడు. ఎన్ని అడుగుల పరుగు కావాలో లెక్క వేసుకోగలడు. ముందే నిర్ణయించుకోవాలనే నియమం న్యాయంగా అనిపించడానికి కారణం ఆ కొలత స్పష్టంగా ఉండటమే. మూడు పరిమాణాల్లోకి వెళ్లగానే లోతు తెలియదు, అంచు కనబడదు. బరువైన కదలిక అలాగే ఉండి కొలత పోతే, తప్పు తనదని ఆటగాడు ఒప్పుకోడు, కెమెరాను నిందిస్తాడు. 1999 ఆట పైరూపాన్ని మార్చింది, ఆ మార్పు వల్ల లోపల తెగిన బంధానికి ప్రత్యామ్నాయం వెతకలేదు.

రెండో శైలి మార్పు: ది శాండ్స్ ఆఫ్ టైమ్ (2003)

బ్రోడర్‌బండ్ పాత ఆటల హక్కులు 2001లో యూబీసాఫ్ట్‌కు చేరాయి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా మేధోహక్కు మాత్రం మెక్‌నర్ దగ్గరే ఉండటంతో సంస్థ అతన్ని ఒప్పించాల్సి వచ్చింది. నిర్మాత యానిస్ మాలా, సృజనాత్మక దర్శకుడు పాట్రిస్ డెసిలే నేతృత్వంలో మాంట్రియల్ స్టూడియో పనిచేసింది. మెక్‌నర్ కథ, సంభాషణలు రాశాడు. 2003 నవంబరులో విడుదలైన ది శాండ్స్ ఆఫ్ టైమ్ శైలి మార్పుకు ఇప్పటికీ ప్రామాణిక ఉదాహరణ.

దీని పనితీరు మూడు పొరల్లో కనిపిస్తుంది. మొదటిది కదలిక. రాకుమారుడు గోడ వెంట అడ్డంగా పరుగెడతాడు, స్తంభం నుంచి స్తంభానికి దూకుతాడు, కర్ర పట్టుకుని ఊగుతాడు. కోటలోని గోడ, మెట్టు, చీలిక అన్నీ ఏ కదలిక సాధ్యమో చెప్పే గుర్తులుగా నిర్మించారు. మూడు పరిమాణాల్లో పోయిన కొలతను ఇది కొంతవరకు తిరిగి తెచ్చింది. రెండోది కాలపు బాకు. గుంతలో పడితే, కత్తి దెబ్బ తగిలితే, ఒక బొత్తం నొక్కి పట్టుకుంటే గడిచిన కొద్ది సెకన్లు వెనక్కు తిరుగుతాయి: పడిన శరీరం పైకి లేస్తుంది, విరిగిన పలక అతుక్కుంటుంది. అయితే ఇది ఉచితం కాదు. బాకులో ఇసుక ఉన్నంతవరకే, శత్రువులను ఓడించి దాన్ని మళ్లీ నింపుకోవాలి. సేవ్ చేసుకునే ఇసుక స్తంభాలు రాబోయే గదుల దృశ్యాలను క్షణకాలం మెరిపిస్తాయి. 1989లో ముందుకే పరుగెత్తే 60 నిమిషాల గడియారం ఇక్కడ అటూ ఇటూ తిప్పగల కొద్దిపాటి ఇసుకగా మారింది. గడువు తీసేశారు, మూల్యం ఉంచారు.

మూడో పొర కథనం. ఆట అంతా రాకుమారుడు ఫరా అనే యువతికి చెబుతున్న కథ. ఆటగాడు చనిపోయినప్పుడు రాకుమారుడి గొంతు అలా జరగలేదని దిద్దుకుంటుంది. వీడియో గేముల్లో చావు సాధారణంగా కథకు బయటి సంఘటనే. ఇక్కడ అది కథకుడి పొరపాటుగా కథలోనే ఇమిడిపోయింది. నియమం, కథ, కదలిక మూడూ ఒకే భావం చుట్టూ అల్లుకోవడం ఈ ఆట ప్రత్యేకత. తరువాత వచ్చిన ఎన్నో ఆటలు గోడ పరుగును తీసుకున్నాయి, ఈ అల్లికను తీసుకున్నవి తక్కువ.

స్వరం మార్పు, చీలిక (2004–2007)

2004లో వచ్చిన వారియర్ వితిన్ కదలికను, కాలశక్తులను ఉంచి స్వరాన్ని మార్చింది. రాకుమారుడు కోపిష్టి అయ్యాడు, నెత్తురు పెరిగింది, నేపథ్యంలో హెవీ మెటల్ సంగీతం వచ్చింది. ఆ స్వరం తనకు నచ్చలేదని మెక్‌నర్ బహిరంగంగానే చెప్పాడు. అయినా ఆ ఆటకు గట్టి అభిమానులు ఏర్పడ్డారు, ఇప్పటికీ ఉన్నారు. పై ప్రతిపాదన దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. ఇసుకను విడుదల చేసినందుకు చనిపోవలసిన రాకుమారుడిని దహాకా అనే కాలరక్షకుడు వెంటాడటమే కథ. కాలంతో చేసిన బేరానికి బాకీ వసూలు చేసుకునేవాడు ఆకారం దాల్చి వచ్చాడన్నమాట. ముసుగు మారింది, మధ్యభాగం మారలేదు. 2005లో ది టూ థ్రోన్స్ రెండు స్వరాలకు రాజీ కుదిర్చి ఆ కథను ముగించింది.

ఇదే కాలంలో శ్రేణి నుంచి మరో పెద్ద శాఖ విడిపోయింది. డెసిలే బృందం రాకుమారుడిని కాపాడే హంతక వీరుడి ఆటగా మొదలుపెట్టిన ప్రాజెక్టు క్రమంగా స్వతంత్ర కథ అయి, 2007లో అసాసిన్స్ క్రీడ్ పేరుతో విడుదలైంది. స్లోవేనియా రచయిత వ్లాదిమిర్ బార్టోల్ 1938 నాటి నవల అలమూత్ దానికి ఒక ప్రేరణ. గోడలెక్కే కదలికను అది నగరమంత విశాలం చేసింది, కాలపు మూల్యాన్ని మాత్రం వదిలేసింది. అందుకే కాబోలు, అంత దగ్గరి బంధువైనా దాన్ని ఎవరూ ఈ శ్రేణి ఆటగా భావించరు. వాణిజ్యపరంగా ఆ శాఖ మూలాన్ని మించిపోయింది. యూబీసాఫ్ట్ శక్తియుక్తులు చాలావరకు అటు మళ్లాయి.

మూడో శైలి మార్పు: 2008

2008 డిసెంబరులో ఉపశీర్షిక లేకుండా వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా పూర్తి రీబూట్. చేతితో గీసిన చిత్రాల్లాంటి రంగులు, కొత్త నాయకుడు, జొరాస్ట్రియన్ పురాణ ఛాయలున్న అహూర లోకం, తోడుగా ఎలికా అనే రాకుమారి. అందులో అతి సాహసమైన నిర్ణయం చావును తీసేయడం. ఆటగాడు లోయలో పడిన ప్రతిసారీ ఎలికా చేయి అందించి చివరి గట్టి నేల మీదికి చేరుస్తుంది. ఎన్నిసార్లు పడినా ఏమీ ఖర్చు కాదు.

ఈ నిర్ణయాన్ని సమర్థించే వాదన బలమైనదే. పాత ఆటల్లో చనిపోయి దశ మళ్లీ మొదలవడానికీ, ఎలికా వెనక్కు లాగడానికీ తేడా లోడింగ్ తెర ఒక్కటే. ఆ తెరను తీసేయడం నిజాయితీ అనేవారున్నారు. కథాపరంగానూ పదేపదే కాపాడిన చేయి మీద ఆధారపడటం ఆట ముగింపుకు బరువునిస్తుంది. ప్రాణమిచ్చి దుష్టశక్తిని బంధించిన ఎలికాను బతికించడానికి రాకుమారుడు సాధించినదంతా తానే కూల్చివేస్తాడు. ఆ చివరి ఘట్టంలో మూల్యం అనే భావన తిరిగొస్తుంది కూడా. అయితే అప్పటిదాకా గడిచిన గంటల్లో అది లేదు. విమర్శ తేలికదనం మీద వచ్చినట్టు కనబడినా అసలు సమస్య కష్టం తక్కువవడం కాదు. 2003 ఆట కూడా 1989 ఆట కంటే చాలా సులువే. అక్కడ ఇసుక అయిపోతుందేమో అన్న లెక్క ఆటగాడి మనసులో నడుస్తుండేది, ఇక్కడ లెక్కించడానికి ఏదీ లేదు. బొమ్మలకు, సంగీతానికి ప్రశంసలు దక్కినా ఈ కథను కొనసాగించే మరో పెద్ద ఆట రాలేదు.

2010 మే నెలలో, ఈ శ్రేణి ఆధారంగా తీసిన హాలీవుడ్ చిత్రం విడుదల సమయానికి ది ఫర్‌గాటెన్ శాండ్స్ వచ్చింది. అది మళ్లీ 2003 నాటి కథాకాలానికే వెళ్లింది. తరువాత 14 ఏళ్లు ఈ పేరుతో పెద్ద ఆట రాలేదు.

నాలుగో శైలి మార్పు: ది లాస్ట్ క్రౌన్ (2024)

రేమన్ ఆటలకు పేరుపొందిన యూబీసాఫ్ట్ మోంపెలియే స్టూడియో తయారుచేసిన ది లాస్ట్ క్రౌన్ 2024 జనవరి 18న విడుదలైంది. శ్రేణిని మళ్లీ పక్క చూపులోకి తెచ్చింది, కానీ పాత జాతిలోకి కాదు. మెట్రాయిడ్, కాసిల్‌వేనియా ఆటల పేర్లు కలిపి మెట్రాయిడ్‌వేనియా అంటున్న జాతిలోకి తీసుకెళ్లింది. ఇందులో ప్రపంచం అంతా ఒకే పెద్ద పటం. కొత్త శక్తి సంపాదించిన కొద్దీ ఇంతకుముందు మూసుకున్న దారులు తెరుచుకుంటాయి. నాయకుడు సార్గాన్ రాకుమారుడే కాదు, అపహరణకు గురైన రాకుమారుడు గస్సాన్‌ను వెతుకుతూ కాఫ్ పర్వతానికి వచ్చిన యోధుడు. ఆ పర్వతం మీద కాలం చెదిరిపోయి ఉంటుంది.

సార్గాన్ పొందే శక్తులు పర్షియన్ పురాణ పక్షి సీముర్గ్ పేరుతో ఉంటాయి. వాటిలో ఒకటి తన ప్రతిరూపాన్ని ఒకచోట నిలిపి, ముందుకు వెళ్లి, కావలసిన క్షణంలో ఆ చోటికి, ఆ భంగిమలోకి తిరిగి రావడం. ఉదాహరణకు తలుపు మూసుకుపోయే లోపు మీట లాగి రావాలంటే, తలుపు దగ్గర నీడను వదిలి, మీట దగ్గరికి వెళ్లి లాగి, నీడలోకి మారితే చాలు. 2003లో కాలం వెనక్కు తిరగడం తప్పు జరిగాక వాడే మందు. ఇక్కడ తప్పు జరగకముందే వేసుకునే పథకం. 1989 నాటి ముందే నిర్ణయించుకోవాలనే నియమమూ, నీడమనిషీ ఈ ఒక్క శక్తిలో కలిసి తిరిగొచ్చాయి. పటం మీద ఏ చోటికైనా ఆ దృశ్యం ఫొటోను గుచ్చుకునే సౌకర్యం కూడా ఈ ఆటలో ఉంది. ఎక్కడ ఏ తలుపు చూశామో మరచిపోయే సగటు ఆటగాడి ఇబ్బందిని అది తీర్చింది. ఇలాంటి ఆటలు తరువాత అనుకరించదగ్గ ఆవిష్కరణగా సమీక్షకులు మెచ్చుకున్నారు.

అదే ఏడాది మే 27న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన ఈవిల్ ఎంపైర్ స్టూడియో ది రోగ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియాను ముందస్తు ప్రవేశ రూపంలో విడుదల చేసింది. పూర్తి రూపం 2025 ఆగస్టులో వచ్చింది. చనిపోయిన ప్రతిసారీ రాకుమారుడు వెనకటి కాలంలో కళ్లు తెరుస్తాడు, దారులు మళ్లీ కొత్తగా అమరుతాయి. చావు, పునఃప్రారంభమే ఆధారమైన రోగ్‌లైట్ జాతికి ఈ శ్రేణి నియమం ముందే తయారుగా ఉన్నట్టు అమరింది.

అభ్యంతరాలు, సమాధానాలు

కాలపు మూల్యమే శ్రేణి మూలమన్న ప్రతిపాదన మీద మూడు అభ్యంతరాలు చెప్పవచ్చు. మొదటిది పోలిక నుంచి వస్తుంది. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ కెమెరాను భుజం వెనక్కు తెచ్చింది, గ్రీకు పురాణాల నుంచి నార్స్ పురాణాలకు మారింది, గొలుసు కత్తులు పక్కనబెట్టి గొడ్డలి చేతికిచ్చింది, పగ కథను తండ్రీకొడుకుల కథ చేసింది. దాదాపు అన్నీ మార్చి గెలిచింది కదా, మార్చకూడని కేంద్రం అనేది ఉందా అని అడగవచ్చు. అయితే ఆ ఆట మార్చనిది ఒకటుంది: నాయకుడు క్రేటోస్, అతని గతం. కొత్త కథ బరువంతా పాత ఆటల్లో అతను చేసిన హత్యల మీదే నిలిచింది. ఆ శ్రేణి కేంద్రం మనిషి. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అది కుదరదు, ఎందుకంటే ప్రధాన ఆటల్లో రాకుమారుడికి పేరు కూడా లేదు, ఒక కథ రాకుమారుడు మరో కథ రాకుమారుడు కాడు. ప్రతి శ్రేణికీ కేంద్రం ఒకటే అని ఈ వాదన చెప్పడం లేదు. దాన్ని ముందు గుర్తించకుండా మార్పు మొదలుపెడితే ఏది తీసేస్తున్నామో తెలియదని మాత్రమే చెబుతోంది.

రెండో అభ్యంతరం మరింత ఇబ్బందికరం. ది ఫర్‌గాటెన్ శాండ్స్‌లో కాలం వెనక్కు తిరుగుతుంది, గోడ పరుగు ఉంది, పారే నీటిని గడ్డకట్టించి దాన్నే పట్టుకుని ఎగబాకే చక్కని కొత్త శక్తీ ఉంది. అయినా ఆ ఆట పెద్దగా ముద్ర వేయలేదు. నియమాన్ని కాపాడటం గెలుపుకు చాలదని దీనివల్ల తేలుతుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. నిలిచిన ఆటలు నియమాన్ని కాపాడటంతో ఆగలేదు, దానికి కొత్త అర్థం వెతికాయి. 2010 ఆట 2003 సమాధానాన్నే మళ్లీ చెప్పింది.

మూడోది అమ్మకాల ప్రశ్న. ది లాస్ట్ క్రౌన్ విమర్శకుల మెప్పు పొందినా అమ్మకాలు యూబీసాఫ్ట్ అంచనాలను అందుకోలేదు. దాన్ని తయారుచేసిన బృందాన్ని విడదీసి ఇతర ప్రాజెక్టులకు పంపినట్టు సంస్థ 2024 అక్టోబరులో ధ్రువీకరించింది. మరి దాన్ని నిలిచిన పునరుద్ధరణ అనడం ఎలా? అమ్మకం ఆట నిర్మాణాన్ని ఒక్కదాన్నే కొలవదు. ధర, విడుదల సమయం, ఏ దుకాణాల్లో దొరికింది, పేరు నుంచి జనం ఏమి ఆశించారు అన్నవీ అందులో కలుస్తాయి. ఈ ఆట స్టీమ్ దుకాణానికి విడుదలైన ఏడు నెలలకు గాని రాలేదు. మూడు పరిమాణాల రాకుమారుడికి అలవాటుపడిన తరం పక్క చూపు ఆటను చిన్న ఆటగా భావించి ఉండవచ్చు. పైగా కొలబద్దే స్థిరంగా ఉండదు. 2013 టూంబ్ రైడర్ మొదటి నెలలోనే సుమారు 34 లక్షల ప్రతులు అమ్ముడైనా అంచనా అందుకోలేదని ప్రచురణకర్త స్క్వేర్ ఎనిక్స్ ప్రకటించింది. తరువాత అదే ఆట శ్రేణిలో అత్యధికంగా అమ్ముడైనవాటిలో చేరింది. అయితే ఒక పరిమితి నిజం: బృందమే విడిపోతే కొత్తగా కనుగొన్న రూపం కొనసాగడం కష్టం. శైలి మార్పు రూపకల్పనలో గెలిచి సంస్థాపరంగా ఓడిపోవడం సాధ్యమే.

సాంస్కృతిక ప్రాతినిధ్యం

మొదటి ఆటలోని పర్షియా చరిత్ర పుస్తకాల్లోది కాదు. అరేబియన్ రాత్రుల కథల నుంచి, ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్ లాంటి హాలీవుడ్ చిత్రాల నుంచి వచ్చిన కలగాపులగపు తూర్పు దేశం. దుష్ట వజీరు, బందీ రాకుమారి, చలువరాతి కోట ఆ సంప్రదాయపు అచ్చులే. 2010 చిత్రంలో పర్షియన్ నాయకుడిగా అమెరికన్ నటుడు జేక్ జిలెన్‌హాల్‌ను తీసుకోవడం విమర్శలకు గురైంది. ది లాస్ట్ క్రౌన్ ఈ విషయంలో వేరే దారి పట్టింది. సీముర్గ్, కాఫ్ పర్వతం, అనాహిత పేరు, సేవ్ చేసుకునే చోట్లుగా వాక్‌వాక్ వృక్షాలు కనిపిస్తాయి, మొత్తం సంభాషణలను పర్షియన్ భాషలో వినే వీలుంది. 2023 జూన్‌లో తొలి ప్రచార చిత్రం వచ్చినప్పుడు మాత్రం ర్యాప్ సంగీతం, సార్గాన్ వేషధారణ మీద పాత అభిమానుల్లో వ్యతిరేకత వ్యక్తమైంది. వారు తమదిగా భావించిన పర్షియా కూడా ఒక సినిమా పర్షియాయే అన్న సంగతి ఆ చర్చలో పెద్దగా రాలేదు.

రీమేక్ ప్రయత్నం

శైలి మార్చకుండా ది శాండ్స్ ఆఫ్ టైమ్‌ను యథాతథంగా కొత్త బొమ్మలతో తేవాలన్న ప్రయత్నం భారతదేశంలో మొదలైంది. యూబీసాఫ్ట్ పుణె, ముంబయి స్టూడియోలు తయారుచేస్తున్న రీమేక్‌ను 2020 సెప్టెంబరులో ప్రకటించారు. 2021 జనవరి విడుదల తేదీగా చెప్పారు. ప్రచార చిత్రంలోని బొమ్మల నాణ్యత మీద విమర్శలు రావడంతో విడుదల వాయిదా పడింది. 2022 మే నెలలో పనిని మాంట్రియల్ స్టూడియోకు బదిలీ చేశారు. మూలాన్ని తాకకుండా కాపాడితే సురక్షితమనే ఊహకు ఈ ఉదంతం ఆసరా ఇవ్వదు. 2003 ఆటలో గోడ, ఇసుక, కెమెరా ఒకదానికొకటి ఎంత బిగుతుగా అతుక్కున్నాయంటే, ఒకదాన్ని నేటి ప్రమాణాలకు మారిస్తే మిగతా రెండూ సర్దుకోవాలి. ఆ సర్దుబాటు దాదాపు కొత్త ఆట కట్టినంత పని. 2026 జనవరిలో యూబీసాఫ్ట్ ఈ రీమేక్‌ను రద్దు చేసింది. రీమేక్ ఆగిపోయినా మొదటి ఆట మూలం మిగిలింది: మెక్‌నర్ పోయిందనుకున్న 1989 యాపిల్ 2 ప్రోగ్రాము 2012లో పాత ఫ్లాపీల్లో దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అది గిట్‌హబ్‌లో ఎవరైనా చదువుకునేలా అందుబాటులో ఉంది.